పదునెనిమిది దినముల మిద్దె

గ్రీష్మాతప సంతప్తయై నిట్టూర్పులు విడుచుచుండిన భూదేవిని ఓదార్ప నేతెంచినదో యనునట్లు తూర్పుసముద్రము మీదుగా నీలమేఘమాలిక యొకటి మందమందముగ కదలివచ్చి నాగావళీ తీరమందలి చంద్రవరపుపేటను నలుదెసల క్రమ్ముకొనెను. ఆర్ద్రాకార్తె ప్రవేశించిన మూడవనాటి యపరాహ్ణమది. తొలిచినుకు సోకినంతనే వీథులయందలి ధూళి కమ్మని వాసనల నీనెను. ఎండి బీటలువారిన వరిమళ్ళు నోళ్ళు తెరచుకొని నీరు త్రావెను. గొడుగులు మరచివచ్చిన సంతబేరగాండ్రు అంగళ్ళ చూరుల క్రింద చేరి నవ్వుకొనుచునే తడిసిరి. పట్టణమంతయు ఇట్లు పండుగ చేసికొనుచుండ ఒక్క మాణిక్యాంబ మాత్రము ఇంటగల బిందెలను చెంబులను గంగాళములను చేతబట్టుకొని తన నడిమింట ఒక కారుచోటినుండి మరియొక కారుచోటికి పరువులెత్తుచుండెను. పాత్రలు నిండెను గాని కారుట మానలేదు. తుదకామె పప్పుగిన్నెను సైతము నేలపై పెట్టి దానిచెంతనే చతికిలబడి కన్నీరు తుడుచుకొనెను.

ఈ మాణిక్యాంబ ముప్పదినాలుగేండ్ల ప్రాయముగల వితంతువు. పసితనముననే భర్తను గోల్పోయి తాతగారియొద్ద సంస్కృతాంధ్రములు చదువుకొని ఆ చదువే తోడుగా బ్రదికినది. మేనత్తయైన శేషమాంబ అవసానకాలమున తన యింటిని మేనకోడలి పేర వ్రాసిపోయెను. ఇల్లనగా గొప్పగా నుండునని యెవరును భ్రమపడ నక్కరలేదు. శేషమాంబ పొరుగూర నుండగా పదునైదేండ్లు తాళము పడియుండుటచే దాని గోడలలో రావిమొలకలు వేళ్ళు పాతుకొనెను. గదులలో గబ్బిలములు ముత్తాతల నాటినుండి తమదే యనునట్లు కాపురముండెను. ఐనను ఆ విశాలమైన నడిమింటిని చూచినంతనే మాణిక్యాంబకు అందు వరుసలు తీరి కూర్చున్న ఆడుపిల్లలు కనబడిరి. ఆ పేటలో ఆడుపిల్లకు అక్షరము నేర్పు చోటు ఒక్కటియు లేదు. అక్కడ బాలికా పాఠశాల నెలకొల్పవలెనని యామె గట్టిగా నిశ్చయించుకొనెను.

అందుకు పట్టణ పరిపాలక సంఘమువారి అనుమతి కావలెను. సంఘ సభ్యుడగు విశ్వపతి పంతులు ఆమె విన్నపము నాలకించి కండ్లజోడు సవరించుకొని యిట్లు పలికెను.

"అమ్మా! ఆ యిల్లు కూలునని వీథివారు మొరపెట్టుకొనుచున్నారు. విజయదశమి నాటికి కప్పు చుక్కయైనను కారక నిలిచెనా, పాఠశాలకు నేనే అనుమతి వ్రాసి యిత్తును. కారెనా, ఇల్లు పడగొట్టింపక తప్పదు. పసిపిల్లల నెత్తిపై కూలునట్టి కప్పును నేను చూచుచు ఊరకుండజాలను."

పంతులు కఠినుడు గాని అన్యాయస్థుడు గాడు. అందుచే మాణిక్యాంబ పనివారిని వెదకుటకు బయలుదేరెను.

ఆహా! పనివారిని వెదకుట యెట్టి తపస్సో పడినవారికే తెలియును. మొదట దొరికిన వడ్రంగి వాకిటి తలుపు పుచ్చిపోయెనని చెప్పి దానిని ఊడదీసి భుజముపై నిడుకొని "రేపే తెత్తు"నని పోయినవాడు రెండునెలలు కంటబడలేదు. వెదకిపోగా అతని పెరటిలో ఆ తలుపును రెండు రాళ్ళపై పరుండబెట్టి అతని భార్య దానిమీద వడియము లెండబెట్టుకొనుచుండెను. పిమ్మట వచ్చినవాడు సన్యాసయ్య మేస్త్రి. పేరు సన్యాసయ్యయే గాని జరీతలపాగయు రాళ్ళయుంగరమును లేక గడప దాటడు. అరచేత వైకుంఠము చూపుటలో ఆ పేటలో అతనికి సాటి లేడు. "అమ్మగోరూ! నా సేతి డాబా మీద నీటిబొట్టు నిలబడ్డానికి బయపడిపోద్ది" అని యతడు పలుకగా మాణిక్యాంబ నమ్మెను. ఆమె నమ్ముటలో వింత యేమున్నది? ఊరంతయు నమ్మినది. సున్నమును ఇటుకముక్కలును కలిపి పరచిన కప్పును అతని కూలీలు గట్టిపడుటకై కొయ్యచెక్కలతో మూడుదినములు కొట్టి నాలుగవదినమున పైపైని మెత్తని సున్నము పూసి అద్దమువలె నిగనిగలాడునట్లు నునుపుచేసిరి. చూచినవారెల్లరు మెచ్చుకొనిరి. ఆ మెప్పు ఆర్ద్రాకార్తె మూడవనాడు గంగాళములలోనికి కారుచుండెను.

మరునాడామె మేస్త్రి యింటికి పోయి నిలదీయగా అతడు తలపాగ సవరించుకొనుచు నీళ్ళు నమిలెను.

"వానలు ఎలిసినాక సూద్దారండీ. ఈలోగా ఇంకో నాలుగు గంగాళాలు ఎట్టుకోండి."

ఆ మాటకు మాణిక్యాంబకు ఒడలు మండెను. ఇంటికి మరలివచ్చుచు దారిలో ఆమె తన తప్పును తానే కనుగొనెను. ఎండకాలమున పనివానిని వెదకితిని, ఎండకాలమున ఏ కప్పు కారును? అందరి కప్పులును అప్పుడు మంచివే, అందరు మేస్త్రీలును అప్పుడు ఘనులే. వెదకవలసిన కాలము ఇది. ఇట్లు తలచి యామె నాటినుండి వాన కురిసిన ప్రతిదినమును తాటాకు గొడుగు వేసికొని మోకాలిబంటి బురదలో ఇంటింటికి తిరిగి "మీ యిల్లు కారుచున్నదా?" యని యడుగ నారంభించెను. ఊరివారు ముక్కున వేలిడుకొనిరి. కొందరు ఆమెకు మతి చలించెననిరి. కొందరు నవ్వుచు తమ యిండ్ల కారుచోట్లను చుట్టములకు పెరటితోట చూపినట్లు తిప్పి చూపిరి. సన్యాసయ్య కప్పువేసిన యిండ్లే పదునొకండు కనబడెను. వానిలో గంగాళము లేని యిల్లు లేదు.

శ్రావణమాసము ముగియవచ్చిన యొక జడివానవేళ ఆమె తెలికలవీథి చివరనున్న యొక చిన్న డాబాయింటి వాకిట నిలిచి లోనికి తొంగిచూచి నిశ్చేష్టురాలయ్యెను. బయట కుంభవృష్టి కురియుచుండ లోపల ఆ యింటి ముసలిది నేలపై నువ్వు లారబోసికొని తాపీగా చేతితో కలియదిప్పుచుండెను.

"అవ్వా! ఈ కప్పు వేసిన దెవరు?"

"ఏసినోడు ఎవుడో గురుతులేదు గానమ్మా, కొట్టింది మాత్రం గవరమ్మ ముఠా. పన్నెండేళ్లయింది. బొట్టు కారితే ఒట్టు."

కప్పును నిలుపునది పరచిన చేయి గాదు కొట్టిన చేయి యని మాణిక్యాంబకు అప్పుడు తెలిసివచ్చెను. మేస్త్రీల పేర్లు ఊరంతయు ఎరుగును గాని కొట్టిన యాడువారి పేరు అంతవరకు ఆమెతో నెవ్వరును చెప్పియుండలేదు.

గవరమ్మ ఏబదియేండ్ల యాడుది. నల్లని బలమైన శరీరము, చుట్టపొగచే బొంగురువోయిన గొంతు, ఎవరికిని లొంగని చూపు. ఆమె వచ్చి మిద్దెయెక్కి సన్యాసయ్య పూసిన నిగనిగలాడు పూతను కాలిమడమతో ఒక్క తన్ను తన్నగా అది పెంకువలె లేచి క్రిందనుండి పొడిపిండి బయటపడెను.

"ఇదేటి, డాబాయా, అప్పడమా? మూడ్రోజులు కొట్టి పూత పూసేసినాడు. ఇది మొత్తం తవ్వేసి మళ్లీ ఎయ్యాలమ్మగోరూ."

"వానకాలమున సున్నపుపని యెట్లు కుదురును?" అని మాణిక్యాంబ సంశయించెను.

"వానకాలమే మంచిది. ఎండలో సున్నం బేగి ఎండిపోయి బీటలు తీత్తాది. పైన తాటాకు పందిరేయించండి సాలు. తడి వాతావరణంలో సున్నం నిదానంగా గట్టిపడతాది. కానొక మాట. నాను ఆపమన్నదాకా ఎవులూ ఆపకూడదు. ఎన్ని రోజులని అడగకూడదు."

మాణిక్యాంబ సమ్మతించెను. పనియెరిగినవారికి పనియెరిగినవారితోనే నెయ్యముండును గావున తలుపు సంగతి విని గవరమ్మ వీరాచారి యను వృద్ధ వడ్రంగిని వెంటబెట్టుకొని వచ్చెను. అతడు రోజంతయు కలిపి నాలుగు మాటలైనను పలుకడు. వడియములు దులిపి తలుపు మోసికొనివచ్చి అయిదుదినములలో దానిని బిగించి పోయెను. అట్టి మనుష్యుడు లోకమున నింకను గలడా యని మాణిక్యాంబ ఆ తలుపును పదిమారులు తెరచి మూసి సంతసించెను.

భాద్రపద శుద్ధ తదియనాడు మిద్దెపై కొట్టుడు మొదలయ్యెను. గానుగలో నూరిన సున్నమును ఇటుకముక్కలతో కలిపి పరచి దానిపై కరక్కాయయు బెల్లమును నానిన నీటిని చల్లుచు గవరమ్మ ముఠాలోని పండ్రెండుగురు ఆడువారు రెండు వరుసలుగా ఎదురెదురుగ కూర్చుండి కొయ్యచెక్కలతో తాళము తప్పక కొట్టసాగిరి. గవరమ్మ పదమెత్తుకొనగా తక్కినవారు అందుకొందురు. పాట ఆగెనా చెక్క ఆగును, చెక్క ఆగెనా సున్నము చెడును. మూడుదినములు గడచెను. ఆరు గడచెను. వీథివారు చెవులు మూసికొనిరి. "కప్పు కొట్టుచున్నారా, కొండ పిండి చేయుచున్నారా?" యని ఎగతాళి చేసిరి. గవరమ్మ చెక్కను విసరి కొట్టి చెవియొగ్గి వినును. తల యడ్డముగ నూపును. మరల పాట యెత్తుకొనును.

తొమ్మిదవనాడు ముఠాలోని యిద్దరకు జ్వరము తగిలెను. వరుసలో రెండు ఖాళీలు పడెను. ఆ రెండు చోట్లను సున్నము తడియారి తక్కినదానికంటె ముందే బిగిసినచో అతుకు నిలువదు. గవరమ్మ మొగమున మొదటిసారి దిగులు కనబడెను. మాణిక్యాంబ అది చూచి మడిచీర కొంగు నడుమునకు బిగించి నిచ్చెనయెక్కి ఒక ఖాళీచోట కూర్చుండి చెక్క చేతబట్టెను. రెండవచోట గవరమ్మ తానే కూర్చుండెను.

"అమ్మగోరూ! మీ సేతులు బొబ్బలెక్కిపోతాయి."

"ఎక్కనిమ్ము. పాట నాకును చెప్పుము."

అగ్రహారమున ఆ వార్త గాలికంటె ముందు పరుగెత్తెను. వితంతువు మిద్దెయెక్కి కూలివారితో పదములు పాడుచున్నదని అమ్మలక్కలు గుంపులు కూడి బుగ్గలు నొక్కుకొనిరి. ఆమె వినియు విననట్లుండెను. అరచేతులు నిజముగానే బొబ్బలెక్కెను, చితికెను, కాయలు కాచెను. వారి పాట నాలుక కలవడిన మూడవనాటికి తన బ్రదుకులో ఇంతమందితో కలిసి తానేనాడును గొంతెత్తియుండలేదని ఆమెకు తట్టి కన్నులు చెమర్చెను. ఆమె సంతోషమునకు మేరలేకుండెను.

పదునెనిమిదవనాటి సాయంకాలమున గవరమ్మ చెక్క విసరగా అది కప్పునుండి ఎగిరి కంచుగంటవలె ఖంగుమని మ్రోగెను. ఆమె ఇంకొకచోట కొట్టెను. అదే మ్రోత. నాలుగు మూలల కొట్టెను. నాలుగు మూలలును ఒకే గొంతుతో పలికెను.

"ఆపండే!" యని గవరమ్మ కేకవేసెను.

ఆ ముఠావారికి ఒక యాచారము గలదు. తాము కొట్టిన కప్పుపై మూడుదినములు బెత్తెడెత్తున నీరు నిలిపి దానిక్రింద తామే వండుకొని తిందురు. కారెనా తమ విస్తళ్ళలోనే కారవలెనని వారి పంతము. ఆ మూడుదినములును మాణిక్యాంబ కప్పుమీది చూపు మరల్చలేదు. గవరమ్మ అన్నము కలుపుకొనుచు పకపక నవ్వెను.

"మీరు సూత్తన్నారని కారడం మానేత్తాదేటి? మెడ నొప్పెడతాది, తల దించుకోండమ్మగోరూ."

చుక్క కారలేదు. పంతులు వచ్చి చూచి తల పంకించెను గాని అనుమతి వ్రాయలేదు.

"ఇది మీరు పోసిన నీరు. ఆకాశము పోయు నీరు వేరు. దశమినాడు చూతము."

ఆకాశము పంతులు మాట వినినదో యనునట్లు విజయదశమినాటి యుదయమున సముద్రమున పుట్టిన గాలివాన చంద్రవరపుపేటపై విరుచుకొనిపడెను. తాటిచెట్లు నేలకు వంగి లేచుచుండెను. పెంకులు ఎండుటాకులవలె ఎగిరిపోయెను. వీథులు కాలువలయ్యెను. మాణిక్యాంబ నడిమింట చాప పరచి సరస్వతీపటము పెట్టి బియ్యపు పళ్ళెములు వరుసగ నమర్చుకొని వాకిట నిలుచుండెను. పిల్లలను పంపుదుమని మాట యిచ్చినవారిలో ఒక్కరును రాలేదు. ఇంతటి వానలో ఎవరు వత్తురు? కప్పు నిలిచెను గాని పాఠశాలకు పిల్లలు లేకపోయిరే యని యామె గుండె చెరువయ్యెను.

జామైన పిమ్మట వీథి మలుపున మొదటి మనిషి కనబడెను. తడిసిముద్దయైన యొక తల్లి చంకనొక పిల్లతో చేతనొక పిల్లతో వచ్చి "మా యిల్లు నిలువునా కారుచున్నదమ్మా, కాస్త చోటిమ్ము" అనెను. ఆమె వెనుక మరి యిరువురు. వారి వెనుక వీథికి వీథియే. గవరమ్మయు ఆమె ముఠావారును వారితో వచ్చిరి. చెవులు మూసికొన్నవారును ఎగతాళి చేసినవారును బుగ్గలు నొక్కుకొన్నవారును మూటలు నెత్తిన బెట్టుకొని వచ్చిరి. విశ్వపతి పంతులు సంఘపు కాగితములను ఉత్తరీయమున చుట్టుకొని భార్యతోను మనుమరాలితోను వచ్చెను. మాణిక్యాంబ ఎవ్వరిని ఏమియు అడుగక పెద్దవారిని గోడలవెంబడి కూర్చుండబెట్టి తలలు తుడిచి ఆడుపిల్లల నందరను చాపపై వరుసలుగా కూర్చుండబెట్టెను.

అందరికంటె చివర జరీతలపాగ లేని మనుజు డొకడు ఎనిమిదేండ్ల కూతురిని గొంగడిలో చుట్టుకొని అరుగుపై నిలిచి లోనికి రాజాలక తల వంచుకొనెను. సన్యాసయ్య.

"మేస్త్రీగారూ, దయచేయుడు. పిల్ల చలికి వణకుచున్నది" అని పలికి మాణిక్యాంబ ఆ చిన్నదానిని తానే యెత్తుకొనిపోయి పంతులుగారి మనుమరాలి ప్రక్కన కూర్చుండబెట్టి దాని వ్రేలు పట్టి పళ్ళెములోని బియ్యముపై 'ఓ' యని దిద్దించెను.

నలుబదిమూడుగురు ఆడుపిల్లలు గొంతెత్తి ఓనమాలు పలికిరి. బయటి గాలివాన హోరు ఆ గొంతులలో అణగిపోయెను. సన్యాసయ్య మాత్రము అక్షరములు వినలేదు. అతడు మెడ నిక్కించి కప్పు నలుమూలలును వెదకెను. ఒక్క తడిమచ్చయు దొరకలేదు. తుదకు గోడకు చేరగిలి చుట్ట నములుకొనుచున్న గవరమ్మయొద్దకు పోయి చేతులు జోడించి నిలిచెను.

"ఎన్ని రోజులు కొట్టినావమ్మా?"

"పద్దెనిమిది."

పంతులు కాగితములు విప్పి అక్కడికక్కడే అనుమతి వ్రాసి ముద్రవేసి మాణిక్యాంబ చేతి కందించెను. ఆమె కాయలు కాచిన యా చేతులతో దానిని స్వీకరించుట చూచి గవరమ్మ ముఠావారు పెండ్లివారివలె కేరింతలు కొట్టిరి.

నాటినుండి చంద్రవరపుపేటలో ఇల్లు కట్టించు గృహస్థు లెవ్వరును పనివాని తలపాగను చూడరైరి. ఎన్నాళ్ళలో ముగింతువని యడుగుట మానిరి. ఎన్నాళ్ళు కొట్టుదువని యడుగ నేర్చిరి.