మాస్టారి రక్తంలో జింకు

మా ఇంట్లో గొడవ ఉప్పు దగ్గర మొదలైంది. 2007 వేసవి అది. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పి నేను రిటైరై అప్పటికి నాలుగేళ్ళు. తలకు క్రమం తప్పకుండా రంగు వేసుకునేవాణ్ణి కాబట్టి నా వయసు అనకాపల్లిలో ఎవరికీ తెలియదని నా నమ్మకం. ఆదివారం ఆరాధనలో పాటల బృందం ముందు వరసలో నిలబడేవాణ్ణి. బెల్లం మార్కెట్టు వైపు వెళితే, తెలిసినవాళ్ళు దిమ్మలోంచి చిన్న పెచ్చు విరిచి నా చేతిలో పెట్టి, "తిమోతి మాస్టారూ, ఇందులో హైడ్రోస్ కలిపేరో లేదో సెప్పండి" అనేవాళ్ళు. బెల్లం తెల్లగా కనబడడానికి వేసే మందు అది. నేను కళ్ళు మూసుకుని చప్పరించి, కాసేపు ఆగి తీర్పు చెప్పేవాణ్ణి. ఆ తీర్పుల్లో ఎన్ని నిజమయ్యాయో ఎవరూ తేల్చలేదు. నా నాలుక మీద నాకు మాత్రం విపరీతమైన గౌరవం ఏర్పడిపోయింది.

అలాంటి నాలుకకు ఓ మధ్యాహ్నం మా ఆవిడ దీవెనమ్మ వండిన చేపల పులుసు చప్పగా తగిలింది.

"ఏటిది దీవెనా? ఉప్పెయ్యడం మర్చిపోయేవా?"

"ఏసేనండి. రోజూ ఎంతేత్తానో అంతే ఏసేను."

మర్నాడు పప్పు చప్పగా ఉంది. ఆ మర్నాడు చారు చప్పగా ఉంది. వారం తిరిగేసరికి దీవెనమ్మ ఉప్పు డబ్బా తెచ్చి నా కంచం పక్కన పెట్టడం మొదలుపెట్టింది. నేను ఊరుకుని ఉండొచ్చు. ఊరుకోలేదు.

"వయసు మీద పడతంది నీకు. సెయ్యి తప్పుతోంది" అన్నాను జాలిగా.

ఆవిడ నాకన్నా నాలుగేళ్ళు చిన్న. నా ముఖం వైపు కాక, నా జుట్టు వైపు ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వంట ఎలా చెయ్యాలో చూపిస్తానని నేను ప్రకటించింది ఆ వారంలోనే. ఆవిడ తమ్ముడు బెన్‌హర్ పరవాడలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తాడు. సెలవు రోజున రాజయ్యపేట వెళ్ళి మంచి వంజరం చేప తెచ్చాడు. ఇంతకంటే మంచి ముహూర్తం ఉండదనిపించి మా పాస్టరు జాన్ బాబు గారిని కూడా భోజనానికి పిలిచాను. సాక్షులు లేకుండా గెలిస్తే ఏం లాభం?

లుంగీ ఎగ్గట్టి పొయ్యి ముందు నిలబడ్డాను. వంటంటే ప్రయోగమే కదా అనుకున్నాను. చింతపండు పులుసు మరగనిచ్చి, గరిటెతో అరచేతిలో వేసుకుని నాకాను. చప్పగా ఉంది. ఉప్పు వేశాను. మళ్ళీ నాకాను. ఇంకా చాల్లేదు. మళ్ళీ వేశాను. దీవెనమ్మ గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంది. చివరికి నాలుకకు సరిగ్గా కుదిరిందనిపించాక దించాను.

జాన్ బాబు గారు ఆహారాన్నీ, దాన్ని వండిన చేతుల్నీ ఆశీర్వదించమని చాలాసేపు ప్రార్థించారు. తరువాత మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. మెచ్చుకోలు అనుకున్నాను. కళ్ళు తెరిచి, "మజ్జిగేమైనా ఉందా అమ్మా?" అని మెల్లిగా అడిగారు.

బెన్‌హర్‌కు అంత మర్యాద లేదు. "బావా, సేపని సముద్రంలోంచి బయటికి తెత్తే, నువ్వు మళ్ళీ సముద్రంలోనే ఏసేసేవేటి?" అన్నాడు.

"మీకు రుచి తెలీదు. దీవెనా, నువ్వు సెప్పు."

దీవెనమ్మ అప్పటికే సగం కంచం ఖాళీ చేసింది. "బావుందండి" అంది.

మొగుణ్ణి నలుగురిలో చిన్నబుచ్చకూడదని అలా అందని బెన్‌హర్ అనుకున్నాడు. నా గొప్పతనం ఇప్పటికైనా తెలుసుకుందని నేననుకున్నాను. ఇద్దరిదీ పొరపాటేనని తరువాత తెలిసింది.

రెండు వారాల తరువాత ఆరాధన అయిపోయాక పాస్టరు గారు ఒక అమ్మాయిని ముందుకు పిలిచారు. పేరు అక్సా. మా సంఘంలోని పిల్లే, నా దగ్గర ఇంటర్ చదివింది. విశాఖపట్నంలో రీసెర్చ్ చేస్తోంది. మన రక్తంలో జింకు, రాగి, సెలీనియం లాంటి లోహాలు అతి కొంచెంగా ఉంటాయనీ, వయసుతోపాటు అవి ఎలా పెరుగుతాయో తరుగుతాయో చూస్తున్నాననీ, దానికి చిన్నవాళ్ళూ మధ్యవయసువాళ్ళూ పెద్దవాళ్ళూ అందరూ కాస్త రక్తం ఇవ్వాలనీ చెప్పింది.

జింకు, రాగి అన్న మాటలు చెవిన పడగానే నేను లేచాను. ఆ రెండింటి గురించీ జీవితమంతా నల్లబల్ల మీద రాసినవాణ్ణి. వచ్చే శనివారం పరగడుపున అందరికంటే ముందు వచ్చేది నేనేనని, సంఘమంతా వినేలా చెప్పాను.

శనివారం గుడి పక్క హాల్లో మూడు వరసలు పెట్టారు. నేను వెళ్ళి మధ్యవయసు వరసలో నిలబడ్డాను.

"మాస్టారండి, మీరు అటండి" అంది అక్సా.

"ఎటమ్మా?"

అక్సా చూపించిన వైపు వరసలో ఎవరూ నిలబడి లేరు. వాళ్ళకు కుర్చీలు వేశారు.

"నన్ను చూసి ఎంతనుకుంటున్నావమ్మా?"

"మా నాన్న కూడా మీ స్టూడెంటే గదండీ" అంది అక్సా, చాలా గౌరవంగా.

కుర్చీలో కూర్చున్నాను. పక్క కుర్చీలో దీవెనమ్మ ముందే వచ్చి కూర్చుని ఉంది. నర్సు నా చేతిలో సూది గుచ్చుతుంటే, "సూసుకో అమ్మా, పాతికేళ్ళ కుర్రోడి రక్తం ఇది" అన్నాను. నర్సు నవ్వలేదు. అలాంటి మాట ఆ వరసలో ఇంకెంతమంది అప్పటికే అన్నారో!

వర్షాలు మొదలయ్యాక ఒక సాయంత్రం అక్సా ఫలితాలు చెప్పడానికి మా ఇంటికి వచ్చింది. ఆ రోజు బెన్‌హర్ కూడా ఉన్నాడు. టీ తాగాక అక్సా మెల్లిగా విషయానికొచ్చింది.

"మాస్టారండి, మీ రక్తంలో జింకు తగ్గిందండి. రాగి కొంచెం పెరిగింది."

"ఏం జబ్బమ్మా?" అన్నాను. నా గొంతులో భయంతోపాటు కాస్త ఆశ కూడా ఉంది. జబ్బయితే నలుగురికీ చెప్పుకోవడానికి ఉంటుంది.

"జబ్బేటీ కాదండి. పెద్ద వయసులో అందరికీ దగ్గరదగ్గర ఇలాగే వత్తంది. తిండి తగ్గుద్ది, తిన్నదాంట్లోంచి జింకుని పేగులు మునపట్లా పీల్చుకోవు. రాగేమో పైకి జరుగుద్ది. మీది సరిగ్గా సగటండి."

ఎంతోమంది పిల్లల్ని "యావరేజి" అని పక్కన పెట్టినవాణ్ణి నేను. ఆ మాట నా మీద పడితే ఇంత బరువుగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

"కాకపోతే ఆ సగటే ఉండాల్సినదానికి కింద అంచున ఉందండి" అంది అక్సా. "జింకు మరీ తగ్గితే కొందరికి రుచీ వాసనా సరిగ్గా తెలీవు. ఒక్క జింకే కారణమని సెప్పలేం, వయసుకి నాలుక కూడా మందగిత్తాది. మీకేమన్నా అలాగుందాండి?"

నేను పైన తిరుగుతున్న ఫ్యానును శ్రద్ధగా చూశాను. బెన్‌హర్ టీ గ్లాసు కింద పెట్టి, రెండు చేతులతో ముఖం మూసుకున్నాడు. వాడి భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడని ఎవరూ అనుకోరు.

"బావా, సముద్రం..." అని మాత్రం అనగలిగాడు.

"నవ్వకురా" అంది దీవెనమ్మ. "ఆయనకే కాదు, నాక్కూడా తెల్డం లేదు."

అందరం ఆవిడ వైపు తిరిగాం.

"రెండేళ్ళ బట్టి నాకు ఉప్పూ పులుపూ సరిగ్గా తెలవట్లేదు. అలవాటు కొద్దీ సేతి లెక్కతో ఏసేత్తన్నాను. ఆ రోజు ఆయన సేసిన పులుసు నాకు నిజంగానే బావుంది."

"రెండేళ్ళా? నాతో ఒక్క మాట సెప్పలేదేటి?" అన్నాను.

"సెప్తే వంట మీరు సేత్తానంటారు గదండీ. బయమేసింది."

అక్సా కూడా అప్పుడు నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రావడానికి కొంచెం టైము పట్టింది. ఇన్నాళ్ళూ ఆవిడకి వయసు మీద పడిందని దెప్పుతూ వచ్చాను. ఆవిడ రుచి తెలియని నోటితోనే రోజూ రెండు పూటలా వండిపెట్టి, నా దెప్పులు వింటూ ఉప్పు డబ్బా అందించింది.

డాక్టరు త్రినాధరావు గారికి చూపించుకున్నాం. ఇద్దరికీ రోజుకో జింకు మాత్ర, అన్నం తిన్నాక వేసుకోమన్నారు. గుడ్లు, మాంసం, శనగలు, నువ్వులు తినమన్నారు. దీవెనమ్మ ఆయన చెప్పింది చెప్పినట్టు చేసింది. నేను కెమిస్ట్రీ చదివినవాణ్ణి. ఒకటి వేస్తే ఒక నెలలో వచ్చే రుచి, రెండు వేస్తే రెండు వారాల్లో రావాలి. అన్నంతో కలిస్తే మందు పలచబడుతుంది కాబట్టి పరగడుపున వేస్తే ఇంకా మేలు. ఎవరికీ చెప్పకుండా రెండు వేసుకున్నాను. పదిరోజులైనా చారు చప్పగానే ఉంటే, ఆ ఆదివారం ఉదయం మూడు వేసుకుని ఆరాధనకు వెళ్ళాను.

పాట రెండో చరణంలో ఉండగా కడుపులో తిప్పడం మొదలైంది. బలవంతంగా ఒక పాదం పాడాను. తరువాతి పాదం దగ్గర నోరు తెరవడం క్షేమం కాదని అర్థమై, రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని, వరస మధ్యలోంచి బయటికి పరుగెత్తాను. జాన్ బాబు గారు మైకులో, "మన సహోదరుడు తిమోతి గారి హృదయం కరిగింది. కన్నీరు ఆపుకోలేకపోతున్నారు. ఆయన కోసం ప్రార్థిద్దాం" అంటున్నారు. నేను గుడి వెనక బోరింగు దగ్గర వంగి ఉన్నాను. సంఘమంతా నా కోసం ప్రార్థిస్తున్న శబ్దం అక్కడికి స్పష్టంగా వినబడింది.

నీళ్ళ చెంబుతో వచ్చింది దీవెనమ్మ. "ఎన్నేసేరు?" అని మాత్రం అడిగింది. మూడు వేళ్ళు చూపించాను. వీపు నిమిరింది. తిట్టి ఉంటే బాగుండేది.

తిట్టే పని డాక్టరు గారు చేశారు. "జింకూ రాగీ పేగు దగ్గర ఒకదాన్నొకటి తోసుకుంటాయి మాస్టారూ. జింకు ఇలాగే మింగుకుంటూ పోతే ఉన్న రాగి కూడా పడిపోద్ది, రక్తం పట్టదు. ఇన్నాళ్ళు పిల్లలకి ఏటి సెప్పేరు మీరు?"

ఆ రోజు నుంచి మాత్రల డబ్బా దీవెనమ్మ తన దగ్గర పెట్టుకుంది.

రుచి మొదట ఆవిడకే తిరిగి వచ్చింది. దసరా సెలవుల ముందు ఒక పొద్దున చారు గరిటెతో నోట్లో వేసుకుని, ఆగిపోయి, నా వైపు తిరిగింది. ఆవిడ ముఖం పాలిపోయింది.

"ఏవండీ, ఇన్నాళ్ళూ మీకు ఇదే పెట్టేనా?"

"బావుండేది దీవెనా."

"మీకు తెలిసేది కాదు గదా!"

ఇద్దరం నవ్వుకున్నాం. నాకు కూడా కొన్నాళ్ళకు పులుపు, ఆ తరువాత ఉప్పు కాస్త కాస్తగా తెలియసాగాయి. పూర్తిగా మునుపటిలా రాలేదు. రాకపోవచ్చునని డాక్టరు గారు ముందే చెప్పారు. ఇప్పుడు ఉప్పు దగ్గర మాకు సందేహం వస్తే బెన్‌హర్‌కు ఒక చెంచా పోసి అడుగుతాం. వాడు పెద్ద జడ్జీలాగా కళ్ళు మూసుకుంటాడు.

మరుసటి ఏడాది అక్సా తన పరిశోధన గురించి విశాఖపట్నంలో మాట్లాడిన రోజున, రక్తం ఇచ్చిన పెద్దవాళ్ళందరినీ పిలిచింది. హాల్లో మమ్మల్ని మొదటి రెండు వరసల్లో కూర్చోబెట్టారు. చివర్లో ప్రొఫెసరు గారు, "వీళ్ళు లేకపోతే ఈ పని లేదు. దయచేసి ఒకసారి లేవండి" అన్నారు. నేను చకచకా లేచి కోటు సర్దుకుందామనుకున్నాను. తీరా చూస్తే అందరం ఒకేలా లేచాం, ఒక చెయ్యి ముందు కుర్చీ మీదా, ఒక చెయ్యి మోకాలి మీదా వేసి. చప్పట్లు మేం పూర్తిగా నిటారుగా అయ్యేవరకూ ఆగాయి, తరువాత మోగాయి.

భోజనాల దగ్గర నా పక్కన కోటవురట్ల నుంచి వచ్చిన పైడిరాజు గారని ఒక పెద్దాయన కూర్చున్నారు. పెరుగన్నం కలుపుతూ నా చెవి దగ్గరికి వంగారు.

"మాస్టారూ, జింకు మీకెంతొచ్చిందేటి?"

పరీక్ష మార్కులు అడిగినట్టే అడిగారు. చెప్పాను. ఆయన తనది చెప్పారు. నాకన్నా తక్కువ.

ఆ మధ్యాహ్నమంతా నాకు ఎంతో హుషారుగా ఉంది. అనకాపల్లి బస్సు ఎక్కి కూర్చున్నాక కూడా ఈల వేస్తూనే ఉన్నాను. సంగతేమిటని దీవెనమ్మ అడిగితే చెప్పాను, కొంచెం గొప్పగానే.

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆయనకి ఎనబై దాటేయటండీ" అంది.