ఇద్దరు నాగరత్నమ్మలు, ఒకే వరస

నేను ఒక లైబ్రరీని. బీరువాలు, పుస్తకాలు, చదువరులు లేని లైబ్రరీని. జనవరి పద్దెనిమిదిన ఉదయం పదకొండు గంటల వేళ, జిల్లా కేంద్రంలోని ఒక ఆఫీసులో, పదో తరగతి పరీక్షలు రాయబోయే పిల్లల జాబితాలోంచి కందుల నాగరత్నమ్మ అనే అమ్మాయి వరస పోయింది. అది నా చేతుల మీదుగానే పోయింది. ఆ రోజు ఎవరూ గమనించలేదు. గమనించిన రోజున మాత్రం అందరూ ఒకే మాట అన్నారు: కంప్యూటరు తప్పు. ఆ మాట నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందు నేనెవరో చెప్పాలి. కంప్యూటరుకు పని చెప్పే భాష ఏదైనా, దానితోపాటు కొన్ని పనిముట్లు ఉచితంగా వస్తాయి. తేదీలు లెక్కపెట్టడం, పేర్లను క్రమంలో పెట్టడం, వెతకడం, పోల్చడం. ఈ పనులను ప్రతి ప్రోగ్రామరూ మొదటి నుంచీ రాసుకోనక్కర్లేదు. అద్దె ఇంట్లో దిగేవాళ్ల కోసం పొయ్యి, బిందె, చీపురు ముందే అమర్చి ఉంచినట్టు, ఎవరో ఒకసారి రాసి పెట్టారు. ప్రోగ్రామర్లు లైబ్రరీ అనే ఆ సామాను మొత్తం నేనే.

నన్ను తయారు చేసింది ఒక్కరు కాదు. నాలో తేదీల భాగం రాసినాయనది ఒక దేశం, దాన్ని దిద్దినావిడది మరో ఖండం. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఒక చిన్న పనిముట్టుకు ఏం పేరు పెట్టాలన్నదాని మీద నాలుగు నెలలు ఉత్తరాలు రాసుకున్నారు. నాలోంచి ఏదైనా తీసెయ్యాలంటే రెండేళ్ల ముందే అందరికీ చెబుతారు, అభ్యంతరాలు వింటారు, ఆ తర్వాతే తీస్తారు. మనిషి పేరు తీసెయ్యడానికి అంత పద్ధతి ఉన్నట్టు నేనెక్కడా చూడలేదు.

చాలా చేతుల్లో పని చేశాను. బస్సు డిపోలో, ఆసుపత్రి మందుల గదిలో, ఎరువుల గోదాములో. పని సవ్యంగా జరిగితే అది ప్రోగ్రామరు తెలివి. చెడితే అది నేను. దీనికి అలవాటు పడ్డాను గానీ, లొంగిపోలేదు.

నాలో ఒక పనిముట్టు ఉంది. ఒకే వస్తువు రెండుసార్లు వస్తే మొదటిదాన్ని ఉంచి, రెండోదాన్ని వదిలేస్తుంది. అయితే ఏ రెండూ ఒకటేనని నా అంతట నేను అనుకోను. ‘ఏది కలిస్తే ఒకటి?’ అని అడుగుతాను. జవాబు మనుషులే చెప్పాలి.

ఆ జనవరిలో జవాబు చెప్పింది షాహీన్. ఆ ఆఫీసులో కాంట్రాక్టు మీద పనిచేసే ప్రోగ్రామరు. జాగ్రత్తపరురాలు. కొన్ని స్కూళ్లు ఒకే పిల్లవాడి పేరు రెండుసార్లు పంపాయనీ, మధ్యాహ్నానికల్లా జాబితా శుభ్రం చెయ్యమనీ ఆమె పై అధికారి చెప్పాడు. తండ్రి పేరు కూడా పోల్చాలా అని ఆమె అడిగింది. తండ్రుల పేర్లు ఒక్కో స్కూలు ఒక్కో రకంగా రాస్తుందనీ, అవి పోలిస్తే ఏవీ కలవవనీ ఆయన అన్నాడు.

“ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, మూడూ ఒకటే అయిన ఇద్దరు ఉంటారామ్మా ఎక్కడైనా?” అని నవ్వాడు.

ఉంటారు. మార్కాపురం వైపు, పలకరాయి తవ్వే ఒక ఊళ్లో ఉన్నారు.

ఆ ఊరి ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు కందుల యలమందయ్య. తమ్ముడు కోటయ్య గనిలో పలకలు కోస్తాడు. నాలుగు నెలల తేడాతో ఇద్దరికీ ఆడపిల్లలు పుట్టారు. ఆ ముందు ఏడాది పోయిన తల్లి నాగరత్నమ్మ పేరు అన్న పెట్టుకున్నాడు. తల్లి నీకొక్కడికేనా అని తమ్ముడూ అదే పెట్టుకున్నాడు. ఇంట్లో పెద్ద రత్నం, చిన్న రత్నం. పిల్లల్ని బళ్లో చేర్చేటప్పుడు పుట్టిన తేదీ ఎవరికీ గుర్తుండని ఊళ్లలో, అయిదేళ్లు నిండేలా జూన్ ఒకటి అని రాసేయడం ఉపాధ్యాయుల అలవాటు. యలమందయ్యకు తన కూతురి తేదీ గుర్తుంది. అయినా అందరికీ రాసినట్టే రాశాడు. ఆ తరగతిలో ఇరవై ఆరుగురు పిల్లలుంటే ఇరవై ఒక్కరు జూన్ ఒకటినే పుట్టారు. నా తేదీల భాగం ఆ సంగతి చూసి కూడా నోరెత్తలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం నాకు లేదు.

పెద్ద రత్నం ఎనిమిదో తరగతిలో ఉండగా జ్వరం వచ్చి అయిదు రోజుల్లో పోయింది. పేరు తీసెయ్యాలంటే పంచాయతీ నుంచి మరణ ధ్రువపత్రం తెచ్చివ్వాలని హైస్కూలు వాళ్లు యలమందయ్యకు చెప్పారు. తెస్తానన్నాడు. తేలేదు. ప్రతి జూన్‌లోనూ జాబితా తనంతట తాను ఆ అమ్మాయిని పై తరగతికి పంపింది. తొమ్మిదికి, పదికి.

అందుకని జనవరిలో నా ముందుకు రెండు వరసలు వచ్చాయి. మూడు గడులూ కలిశాయి. మొదట వచ్చినదాన్ని ఉంచాను. రిజిస్టరులో ముందు తన కూతురి పేరు, తర్వాత తమ్ముడి కూతురి పేరు రాసింది యలమందయ్యే. చనిపోయిన పిల్ల వరస మిగిలింది. బతికున్న పిల్ల వరస పోయింది.

మార్చిలో హాల్ టికెట్లు వచ్చాయి. హైస్కూలు ప్రధానోపాధ్యాయుడు వెంకటాద్రి అన్నదమ్ములిద్దరినీ, చిన్న రత్నాన్నీ పిలిపించి తలుపు దగ్గరగా వేశాడు. బల్ల మీద ఒకే హాల్ టికెట్ ఉంది. తండ్రి పేరు యలమందయ్య. ఫొటోలో రెండు జడలు ముందుకు వేసుకున్న పెద్ద రత్నం.

పరీక్షలకు ఇంకా ఇరవై రోజులే ఉన్నాయనీ, జిల్లా ఆఫీసుతో పెట్టుకుంటే తేలే సంగతి కాదనీ వెంకటాద్రి నచ్చజెప్పాడు. పేరు అదే, తేదీ అదే. ఫొటో మార్చి పైన తన సంతకం, ముద్ర వేస్తాడు. పిల్ల పరీక్ష రాసేస్తుంది. ఆయన చెడ్డవాడు కాదు. పిల్లకు ఏడాది పోకూడదనే ఆయన తాపత్రయం.

“అట్టనే చేద్దాం అన్నాయ్,” అన్నాడు కోటయ్య. “ఈ ఏడు పోయిందంటే మళ్లీ బడికి పోతదా ఇది? గనిలో నా పక్కన కూసుంటది.”

యలమందయ్య ఫొటో వంకే చూస్తున్నాడు. ఒప్పుకుంటే ఆ ధ్రువపత్రం తేనక్కర్లేదు. కాగితం మీదైనా ఆయన కూతురు పది పాసవుతుంది. నేను పోల్చడం తప్ప మరేమీ తెలియనిదాన్ని. అయినా ఆ రెంటిలో ఏది ఆయన్ని ఎక్కువగా లాగుతోందో నాకు తెలియలేదు.

“నేను రాయను పెదనాయనా,” అంది చిన్న రత్నం.

“నోర్ముయ్యి. పెద్దోళ్లు మాట్టాడతన్నారు,” అన్నాడు కోటయ్య.

“నేను పాసైతే అక్క పాసైనట్టు. మరి నేను యాడున్నట్టు? నీ పేరు కూడా ఉండదు నాయనా దాంట్లో. చూసుకో.”

కోటయ్య నిజంగానే వంగి చూశాడు.

యలమందయ్య హాల్ టికెట్‌ను నెమ్మదిగా వెంకటాద్రి వైపు జరిపాడు. “ఇద్దరండీ. మా ఇంట్లో ఇద్దరు పిల్లలు,” అన్నాడు.

మర్నాడు పంచాయతీ ఆఫీసుకు వెళ్లాడు. ధ్రువపత్రం రెండేళ్ల కిందటే తయారై సొరుగులో ఉంది. గుమాస్తా ఏమీ అడక్కుండా తీసిచ్చాడు. దాన్ని మడవకుండా అట్టల మధ్య పెట్టుకుని, చిన్న రత్నాన్ని వెంటబెట్టుకుని జిల్లా కేంద్రానికి బస్సెక్కాడు.

ఒక్కరోజులో పని కాలేదు. ఆరుసార్లు తిరిగారు. బస్సులో చిన్న రత్నం సైన్సు పుస్తకం తెరిచే కూర్చునేది. ఆరోసారి పై అధికారి దొరికాడు. అది కంప్యూటరు తప్పనీ, జాబితా మూసేశారనీ, జూన్‌లో సప్లిమెంటరీ రాసుకోవచ్చనీ చెప్పాడు.

“కంప్యూటరుది కాదండీ,” అన్నాడు యలమందయ్య. “జూన్ ఒకటి రాసింది నేను. కాగితం తేనిది నేను.”

షాహీన్ తన కుర్చీలోంచి లేచింది. “మూడు గడులు చాలని చెప్పింది నేను సార్,” అంది.

ఇన్నేళ్లలో ఎన్నో ఆఫీసులు చూశాను. తప్పు నాదంటే నాదని ఇద్దరు మనుషులు ముందుకు రావడం అదే మొదటిసారి. పై అధికారి చేతనైతే చేసుకోమన్నాడు. ఫిర్యాదుల పుస్తకంలో మాత్రం కంప్యూటరు తప్పు అనే రాశాడు. ఆ మాట ఇప్పటికీ అలాగే ఉంది.

షాహీన్ జనవరి నాటి పాత ప్రతి తీసింది. ఈసారి నాకు తండ్రి పేరూ, అడ్మిషన్ నంబరూ చూపించింది. నేను రెండు వరసలు ఇచ్చాను. అడిగితే మొదటి రోజే ఇచ్చేదాన్ని.

తర్వాత ఆమె పెద్ద రత్నం వరస దగ్గర ఆగింది. తీసెయ్యమంటారా అని చాలా నెమ్మదిగా అడిగింది.

“తీసెయ్యొద్దమ్మా,” అన్నాడు యలమందయ్య. “చదివిందాకా ఉండనీ. ఎనిమిది దాకా చదివింది.”

ఆమె తొమ్మిది, పది తరగతులు మాత్రమే తీసేసింది. ఎనిమిది పక్కన ధ్రువపత్రంలోని తేదీ వేసింది. ఆ తేదీని ఆయనే చదివి చెప్పాడు. ఉపాధ్యాయుడు తరగతిలో అంకెలు చెప్పినట్టే చెప్పాడు.

అక్కడే అచ్చు తీసిచ్చిన తన హాల్ టికెట్‌ను చిన్న రత్నం రెండుసార్లు చదువుకుంది, తండ్రి పేరుతో సహా.

లేవబోతూ యలమందయ్య అడిగాడు: “మాలాంటోళ్లు ఇంకెంతమంది తల్లీ?”

షాహీన్ నన్నే అడిగింది. జనవరిలో ఆ రోజు నా చేత తీయించిన వరసలు ఆరువందల పన్నెండు. వాటిలో, ఉంచిన వరసతో తండ్రి పేరు ఏమాత్రం కలవనివి చిన్న రత్నంతో కలిపి నలభై మూడు. ఎవరైనా వచ్చి అడిగితే చూద్దాం, మనంతట మనం కదిలించొద్దని పై అధికారి అన్నాడు. షాహీన్ ఆ జాబితా అచ్చు తీసింది. ఒక ప్రతి తన దగ్గర ఉంచుకుని, రెండోది యలమందయ్యకు ఇచ్చింది. ఆయన అందులోని స్కూళ్ల పేర్ల పక్కన ఏ బస్సెక్కాలో రాసుకోవడం మొదలుపెట్టాడు.

పరీక్షలకు ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయి. నలభై రెండు వరసలు ఇంకా విడదీయలేదు.