నల్లబడిన పట్టీలు

మనవరాలికి వెండి పట్టీలు చేయించి నెల తిరగలేదు, నల్లబడిపోయాయి. మా ఆయన వెండికి మెరుగు పెట్టే మనిషి. సొంత మనవరాలి కాళ్లకే మసిపట్టిన వెండి ఉంటే ఆయన పరువేం కావాలి? మెట్లు దిగితే నేలకింద గది, అందులో ఆయన దుకాణం. చల్లగా ఉంటుందని పాప ఉయ్యాల కూడా అక్కడే కట్టాం. ఆయన పట్టీలు విప్పి, పొడి వేసి రుద్ది, తళతళలాడించి మళ్లీ తొడిగారు. తెల్లారేసరికి మళ్లీ నలుపు.

"కాళ్లకి నూనె రాస్తున్నావా అమ్మాయ్?" అని కోడలి మీద విసుక్కున్నారు.

"లేదు మామయ్యా, ఒట్టు!" ఆ పిల్లకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మా ఇంట్లోనే కాదు, వీధిలో అందరి వెండీ నల్లబడుతోంది. జనం గిన్నెలూ గ్లాసులూ పట్టుకుని మా మెట్లు దిగుతున్నారు. కొత్త మున్సిపల్ చైర్మన్ వచ్చిన వేళావిశేషమని ఈయన మురిసిపోతున్నారు. ఈయనకి మురిసిపోవడానికి ఏదైనా చాలు లెండి.

మా పెరటి గోడ అవతల ఫ్యాక్టరీ మురికినీళ్ల మడుగు ఉంది. దాని పక్కన స్తంభానికి గాలిని కొలిచే మిషనొకటి, దానికో సైరను. గాలిలో విషం పెరిగితే అది కూసేది. ఎన్నికల ముందు రోజూ కూసింది. పాప ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడ్చేది. పైగా వీధంతా కుళ్లిన గుడ్ల కంపు.

చైర్మన్ పదవికి ఇద్దరు నిలబడ్డారు. ఒకరు సైన్సు టీచరమ్మ. మడుగుకి మూత వేయిస్తానని, మిషన్లు ఇంకా పెట్టిస్తానని ఇంటింటికీ తిరిగింది. రెండో ఆయన్ని అందరూ నవ్వులాయన అంటారు. ఆయన పోస్టరు మీద ఒకటే మాట: "మీ నిద్ర నా పూచీ."

టీచరమ్మ మా గుమ్మంలో నిలబడి చెప్పింది. "ఆ విషం గాలికన్నా బరువండీ, పల్లానికి దిగి కూర్చుంటుంది. రోజూ పీల్చారంటే ముక్కు మొద్దుబారిపోతుంది. కంపు రావట్లేదని ధీమాగా ఉండకండి."

"ముక్కున్నవాడికి మిషనెందుకమ్మా?" అన్నారు మా ఆయన. చుట్టుపక్కల వాళ్లు పగలబడి నవ్వారు. ఆవిడ పక్కింటికి వెళ్లిపోయింది.

నవ్వులాయన భారీగా గెలిచాడు. మర్నాడే స్తంభానికి నిచ్చెన వేసి సైరను తీగ కోయించాడు. కొన్నాళ్లకి కంపు కూడా పోయింది.

"చూశావా? మాటంటే మాటే!" అని మా ఆయన ఛాతీ విరుచుకున్నారు.

పాప కూడా ఏడుపు మానేసింది. పాలు తాగుతూ తాగుతూనే కళ్లు మూసేసేది. లేపినా సగం తెరిచి మళ్లీ మూసేది. ఇంత బుద్ధిమంతురాలిని ఎక్కడా చూడలేదని ఇరుగుపొరుగు ముచ్చటపడ్డారు. మెట్ల కింద ఈనిన పిల్లి మాత్రం పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని డాబా మీదికి చేర్చుకుంది. ఎండకి మాడిపోతాయని నేను వాటిని కిందికి తెచ్చాను. అది నా వంక గుర్రుగా చూసి, మళ్లీ పైకే మోసుకుపోయింది.

ఆ మధ్యాహ్నం మా చెల్లెలు పాపని చూడాలని ఊరినుంచి వచ్చింది. బ్యాగు గుమ్మంలోనే వదిలేసి కొంగుతో ముక్కు మూసుకుంది.

"అక్కా, ఏంటీ కంపు? ఏదైనా చచ్చిందా ఇంట్లో?"

"కంపా? ఎప్పుడో పోయిందిగా!" అన్నాను.

అది నన్ను వింతగా చూసింది. "ముక్కు పగిలిపోతోందే! మీకెవరికీ తెలియట్లేదా?"

నేను మెట్ల పైన నిలబడి గట్టిగా పీల్చాను. ఏమీ లేదు. మా ఆయన కింద మెరుగుబల్ల దగ్గర్నుంచి తలెత్తి పీల్చారు. కోడలూ పీల్చింది. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఉయ్యాల్లోంచి వేలాడుతున్న చిన్ని కాలికి, పొద్దున మెరుగుపెట్టిన పట్టీ బొగ్గులా ఉంది.

 మెట్లు ఎలా దిగానో తెలియదు. పాపని లాక్కుని డాబా మీదికి పరిగెత్తాను. నా చేతుల్లో దాని మెడ వాలిపోతోంది. "లేవే తల్లీ, ఏడువే, ఒక్కసారి ఏడువే!" అని పిచ్చిదానిలా కుదిపాను. పిల్లి తన పిల్లల్ని కాచుకుంటూ మమ్మల్నే చూస్తోంది.

చాలాసేపటికి పాప నోరు తెరిచింది. ముందు మూలిగింది, తర్వాత గుక్కపట్టి, వీధి వీధంతా వినపడేలా ఏడ్చింది. నేను నవ్వుతూ ఏడుస్తూ దాన్ని గుండెకి హత్తుకున్నాను.

ఎదురింటి కింది గది కిటికీ తెరుచుకుంది. లోపలినుంచి నిద్రమత్తు గొంతు కసిరింది.

"అబ్బ, ఆపండమ్మా ఆ గోల!"