కంచె మీద పిలిచే పేరు

నాకు నోరెక్కువని మా అత్తవారి ఊరంతా అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ మా షోనా తెగవాళ్ళలో ఎంత నోరున్న కోడలైనా బావగారికి ఎదురు చెప్పకూడదు. ఆయన కనిపిస్తే మోకాళ్ళ మీద కూచుని, అరచేతులు దొప్పగా చేసి చప్పట్లు కొట్టి పలకరించాలి. మాట కడుపులో దాచుకోలేని వాళ్ళకి ఒకటే దారి. ఆ మాటని కుక్కకో దూడకో పేరుగా పెట్టి, కంచె దగ్గర నిలబడి గట్టిగా పిలవడం.

నేను రెండు దూడలకి పెట్టాను.

మాకున్నది మూడెకరాలు. అందులో వాగు పక్క ఎకరం గడ్డినేల. దాన్ని దున్ని మొక్కజొన్న వేస్తానని మా బావగారు మబాసా పోయినేడు మార్చిలో పట్టుబట్టారు. ఇంటికి పెద్దవాడు కనక భూమి విషయంలో మాట ఆయనదే. పాలు మానిన కోడెదూడలు రెండున్నాయి, మాంసానికి పెంచి అమ్ముతాను, ఆ గడ్డి నాకు వదిలెయ్యండని మా ఆయన జివనాయి చేత చెప్పించాను.

"మీ ఆవిడ మేపడమూ, అవి బలవడమూనా?" అని నవ్వారట. "సరే, వచ్చే ఏడు మే సంతకి రెంటిలో ఒక్కటైనా మూడొందల యాభై కిలోలు తూగితే ఎకరం ఆమెది. లేదా, నాగలి దింపుతాను."

ఆ సాయంత్రమే ఒకదానికి టిచవోనా అని పేరు పెట్టాను, చూద్దాం అని. రెండోదానికి ముచన్యార, మీరే సిగ్గుపడతారు అని. తెల్లారగానే ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య కంచె దగ్గర నిలబడి పిలిచాను. వారం తిరక్కుండా ఆయన కొత్త కుక్కని తెచ్చి ముచనేటా అని పేరు పెట్టారు. మీరే అలిసిపోతారు అని దానర్థం. ఇక చూడండి, రోజూ పొద్దున్నే కంచెకి ఇటు నేను దూడని, అటు ఆయన కుక్కని. ఒకరి మొహం ఒకరం చూసుకోం. మా ఆయన టీ కప్పు పట్టుకుని గుమ్మంలో కూచుని, "ఇవాళెవరు గెలిచారు?" అని అడిగేవాడు.

అలిసిపోవడమా, నేనా? చొప్ప నరికాను. వేరుశనగ తీగ ఎండబెట్టాను. వానల్లేని నెలల్లో తుమ్మకాయలు ఏరి, దంచి, పొద్దుతిరుగుడు చెక్కతో కలిపి పెట్టాను. ముచన్యార వీపు మీద చెయ్యేస్తే వెన్నెముక తగలని రోజు ఒకటి వచ్చింది. ఆ రాత్రి సంతోషంతో నాకు సద్జా, అదే మా మొక్కజొన్న పిండి ముద్ద, దిగలేదు.

సంత రోజు రెంటినీ తూకం దగ్గరికి తోలుకెళ్ళాం. పశువుల కమిటీ పెద్ద మా బావగారే. టోపీ పెట్టుకుని తూకం పక్కనే నిలబడ్డారు. ముందు టిచవోనా ఎక్కింది.

"మూడొందల ముప్పై ఎనిమిది," అని అరిచారు బావగారు.

 ఇక ఉన్నది ముచన్యార ఒక్కటే. అది ఇనుప పలక చప్పుడు వినగానే నాలుగు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి నిలబడిపోయింది. తోశారు, తోక మెలిపెట్టారు. కదల్లేదు.

"ఎక్కకపోతే పక్కకి లాగి తర్వాతదాన్ని తోలండి," అన్నాడు పశువుల్ని కొనుక్కెళ్ళే లారీ మనిషి. "మాకింక వేరే పని లేదా?"

నేనొక్కసారి పేరు పెట్టి పిలిస్తే పరిగెత్తుకొస్తుంది. కానీ కంచె మీంచి పిలిస్తే అది దూడ పేరు. పెద్దలందరి ముందు, బావగారి మొహం మీద అంటే అది తిట్టు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"వద్దే. ఎకరం పోతే పోనీ. అన్నయ్య పరువు పోతే మళ్ళీ తేలేం."

పధ్నాలుగు నెలల కష్టం కళ్ళ ముందే పోతోంది. జన్మలో మొదటిసారి నోరు మూసుకున్నాను. 

తోలేవాడు కర్ర ఎత్తాడు.

"దించరా కర్ర," అన్నారు బావగారు. తూకం అవతలి వైపుకి నడిచారు. టోపీ తీశారు. కోటు జేబులో చెయ్యి పెట్టి, సంతంతా వినేలా పిలిచారు.

"ముచన్యారా."

 సంతంతా గొల్లున నవ్వింది. మా కంచె గొడవ తెలియని వాళ్ళెవరు? దూడ చెవులు నిక్కించింది. టకటకా పలక ఎక్కి, ఎప్పుడూ చేసే పనిలా ఆయన అరచేతిలో నాలుక పెట్టింది. అరచేతిలో ఉప్పు.

"మూడొందల యాభై ఆరు."

ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ ఆనందంతో కేకలు పెట్టారు. నేను చిన్నపిల్లలా ఎగిరాను. తర్వాత గుర్తొచ్చి, వెళ్ళి ఆయన ముందు మోకాళ్ళ మీద కూచున్నాను.

"బావగారూ, మీ గొంతు దానికెలా తెలుసు?"

"నువ్వు పొద్దున్న అరిచి వెళ్ళిపోతావు, షింగి వాళ్ళమ్మా. అది రోజూ సాయంత్రం వచ్చి నా కంచె మీద తల పెడుతుంది. వట్టి చేతులు చూపించమంటావా? నా గొడవ నీతో, పశువుతో కాదు." టోపీ దులిపి నెత్తిన పెట్టుకున్నారు. "ఎకరం నీదే. వచ్చేసారి మాత్రం నలుగురిలో పిలవగలిగే పేరు పెట్టు. ఇంతమందిలో నన్ను నేనే తిట్టుకున్నాను."

 తల దించుకుని చప్పట్లు కొడుతూనే ఉన్నాను.