తాళం వేసిన పెట్టె

న్యూయార్క్ విమానాశ్రయంలో మా నాన్న ఎల్డన్, తన సంచీని కౌంటరు మీద పెట్టి, టోపీ తీసి, "ఇందులో రివాల్వర్ ఉందమ్మా. గుళ్లు తీసేశాను, దాని పెట్టెకి తాళం వేశాను," అన్నాడు.

వారం కిందట కెంటకీలో విమానం ఎక్కేటప్పుడూ అచ్చం ఇలాగే చెప్పాడు. అక్కడి అమ్మాయి చీటీ చేతికిచ్చి, "మంచి జింక దొరకాలి తాతా," అని పంపింది. ఇక్కడి అమ్మాయి ఫోను తీసింది. ఇద్దరు పోలీసులు వచ్చారు.

"లైసెన్సేదీ?"

"మా దగ్గర దీనికి లైసెన్సు అక్కర్లేదయ్యా."

"ఇది మీ దగ్గర కాదు పెద్దాయనా."

నా కళ్లముందే చేతులు వెనక్కి పెట్టించి బేడీలు వేశారు.

వర్మాంట్ రాష్ట్రంలో ఉన్న సైన్యం నాటి స్నేహితుడితో వేటకి వచ్చాడాయన. దెబ్బ తిని పడ్డ జింకని ఎక్కువసేపు కొట్టుకోనివ్వకూడదని మా కొండల్లో వేటగాళ్లు నడుముకి రివాల్వర్ కట్టుకుంటారు. తిరిగి వెళ్తూ నన్ను చూడాలని న్యూయార్క్‌లో నా గదిలో రెండు రోజులున్నాడు.

కొంప ముంచింది ఆ రెండు రోజులే. ఈ రాష్ట్రంలో ఆగకుండా దాటిపోయేవాడినైతే కేంద్ర చట్టం కాపాడుతుందట. పైగా గుళ్లు అదే సంచీలో ఉన్నాయి కాబట్టి ఇక్కడి లెక్కలో అది గుళ్లు నింపిన తుపాకీయేనట! ఏళ్ల తరబడి జైలు పడే నేరం. గుళ్లు అలా పెట్టుకోవచ్చని విమాన సంస్థ కాగితంలోనే ఉంది. ఆ కాగితం చదివి, "అంతా సరిగ్గానే ఉంది నాన్నా, తెచ్చుకో," అన్నది నేను. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనొక్కదాన్నే. ఇక్కడి రాష్ట్రం చట్టం కూడా చూడాలని నాకు తోచలేదు.

నాన్న బడి బస్సు నడుపుతాడు. కేసు తేలేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దని బడివాళ్లు చెప్పేశారు. శిక్ష పడితే ఇక ఎప్పటికీ అంతే.

మూడు నెలలు తిప్పాక, ప్రభుత్వం తరఫు లాయరు ఒక దారి చూపించాడు. బహిరంగంగా అల్లరి చేశానని ఒప్పుకుంటే చాలు, నేరస్థుడన్న మచ్చ పడదు. రివాల్వర్ మాత్రం కరిగించేస్తారు.

"నేనేం అల్లరి చేశాను? గొంతైనా పెంచలేదే!" నాన్న మా లాయరమ్మ మీద విరుచుకుపడ్డాడు. "తాగి తందనాలాడానా? బల్లలు తన్నానా? అడక్కముందే నిజం చెప్పాను. దానికి నాచేత అబద్ధం చెప్పిస్తారా?"

"చెప్తే సోమవారం బస్సెక్కుతారు. చెప్పకపోతే జైలుకి పోయినా పోవచ్చు. మీ ఇష్టం," అంది ఆవిడ.

కోర్టులో జడ్జి, అల్లరి చేసినట్టు ఒప్పుకుంటున్నారా అని అడిగాడు. నాన్న లాయరమ్మ వైపు చూశాడు. జడ్జి మళ్లీ అడిగాడు. నాన్న మెడమీద నరాలు ఉబ్బాయి.

"ఒప్పుకుంటున్నాను," అన్నాడు పళ్లు కొరుకుతూ.

బయటికి రాగానే, "నాన్నా, తప్పంతా నాదే..." అన్నాను.

"అవును, నీదే. వాళ్లది కూడా. నా కోపం ఇప్పుడప్పుడే తగ్గేది కాదు, ఏడవకు." కోటు బొత్తాలు పెట్టుకున్నాడు. "సోమవారం తెల్లారేసరికి పిల్లల్ని ఎక్కించుకోవాలి. విమానం ఎక్కను. మన ఊరివైపు బస్సు ఎక్కడ దొరుకుతుందో..."

నేను ఫోను తీశాను.

"నువ్వుండు," అని, దారిన పోయే మనిషిని ఆపి అడిగాడు.