తొట్టి బాయిలరు

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఉన్నవాళ్ళు ఐదుగురు. స్నానం, జపం ముగించి మడిపంచెతో పెరటి అరుగు మీద కూర్చున్న వెంకటరాఘవయ్య మామయ్య. వంటింటి గడప దాటకుండానే పెరడంతా కనిపెట్టగల మంగతాయారు అత్తయ్య. బాపట్లలో ఇంజనీరింగు చదువుతూ శనివారానికల్లా మాసిన బట్టల సంచితో దిగే బావ భరద్వాజ. రెండు బాయిలర్లు రిక్షాలో వేసుకుని వచ్చిన బాబూలాల్. ఆఖరున, బొగ్గు చేతులు వెనక్కి దాచుకుని గోడవారన నిలబడ్డ శ్రీవిద్య.

శ్రీవిద్యది రేపల్లె దగ్గర పల్లె. అక్కడే పదోతరగతి పాసై, ఇంటర్ చదవడానికి తెనాలిలో మేనమామ ఇంటికి వచ్చింది. వచ్చిన వారానికే స్నానాలకు నీళ్ళు కాచే బాయిలరు ఆమె వంతయింది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, నడుమ గొట్టంలో నిప్పు రాజేసి, పది నిమిషాలకోసారి గుప్పెడు రాక్షసి బొగ్గు వేస్తూ ఏడింటిదాకా అక్కడే కాచుక్కూర్చోవాలి. ఆ బొగ్గు పొగ కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ముక్కు చీదితే నల్లగా వచ్చేది. పొగ చాలదన్నట్టు మామయ్య స్నానానికి వస్తూ గొంతులోదంతా కాకరించి, సరిగ్గా ఆమె కూర్చునే పీటకు జానెడు దూరంలో ఉమ్మేవాడు. దాని మీద ఆమే బూడిద పోసేది. బొగ్గు ముట్టినది కాబట్టి స్నానం అందరికంటే ఆఖరున. అప్పటికి కొళాయిలో వచ్చేది తుప్పు రంగు గోరువెచ్చటి నీళ్ళు, బాత్‌రూము జాలీ మీద భరద్వాజ వెంట్రుకలు.

ఇదంతా ఆమె ఓర్చుకునేదే. ఓర్చుకోలేనిది ఒక్కటే. ఫిజిక్సు మాస్టారి ట్యూషను పొద్దున అయిదున్నరకు. నెలకు మూడు రోజులు, ఆమె బాయిలరు ముట్టకూడని ఆ మూడు రోజులు మాత్రమే వెళ్ళగలిగేది. పెరటి గదిలోంచి సందులోకి ఉన్న తలుపు తీసుకుని, ఎవరికీ ఎదురుపడకుండా వెళ్ళిపొమ్మని అత్తయ్యే చెప్పేది. నిన్న కాలేజీలో మాస్టారు అందరిముందూ అన్నారు: "నెలకోసారి చుట్టంలా వచ్చేవాళ్ళు నాకొద్దు. సోమవారం నుంచి రోజూ వస్తే రా, లేకపోతే ఆ చోటు ఇంకొకళ్ళకిస్తా." రేపే సోమవారం.

పాత బాయిలరు అడుగు కారుతోంది. అందుకే ఇవాళ బాబూలాల్ వచ్చాడు. అతను దించిన వాటిలో ఒకటి పాతదాని లాంటిదే, గుప్పెడు గుప్పెడు వేయాల్సింది. రెండో దానికి పక్కన రేకు తొట్టి ఉంది.

"రాత్రి ఈ తొట్టి నింపేసి పడుకోండి పంతులుగారూ," అన్నాడు బాబూలాల్, ఏటవాలు రేకు మీద ఒక బొగ్గుముక్క జారవిడిచి చూపిస్తూ. "పొద్దున నిప్పు అంటించడమే మీ పని. కింద కాలేకొద్దీ పై బొగ్గు తనే జారుతుంది. దగ్గర మనిషి అక్కర్లేదు."

శ్రీవిద్య ఆ బొగ్గుముక్క జారడాన్ని కళ్ళార్పకుండా చూసింది.

"మనిషి ఉందిగా," అన్నాడు మామయ్య.

"ఉంటే మంచిదేనండి. చదువుకునే పిల్ల కదాని..."

"చదువుకి బాయిలరేం అడ్డం? పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వెయ్యచ్చు. అయినా తొట్టీ గిట్టీ, ఆ జారడం ఎక్కడో ఆగుతుంది, మళ్ళీ నిన్ను వెతుక్కుంటూ తిరగాలి. మామూలుదే ఉంచు." అంతలో ఏదో గుర్తొచ్చి వంటింటివైపు తిరిగాడు. "అవునూ, ఇది బయటున్న రోజుల్లో ఎవరు వేస్తారు?"

శ్రీవిద్య చెవులు వేడెక్కాయి. బాబూలాల్ గభాల్న వంగి కొళాయి మర బిగించడం మొదలుపెట్టాడు. అది ముందే బిగించి ఉంది.

"మూడు రోజులేగా, ఎప్పట్లాగే నేను వేస్తాలెండి," అంది అత్తయ్య. "ఒరే, ఆ క్యాలెండరు చూడు, పెన్సిలు సున్నాలుంటాయి."

భరద్వాజ పళ్ళు తోముకుంటున్న బ్రష్షు నోట్లోంచి తీయకుండానే గోడ దగ్గరకు వెళ్ళాడు. "పోయిన నెల ఇరవయ్యారు. ముందు నెల ఇరవై తొమ్మిది," అని చదివాడు, రైళ్ళ వేళలు చదివినట్టు. నురగ గడ్డం మీదికి కారింది.

"అయితే ఈ నెల ఇరవై మూడో, నాలుగో. ముక్కోటి అయ్యాకేలే, పీడా పోయింది," అంది అత్తయ్య.

"ఆ సంగతులు ఇంట్లో మాట్లాడుకోండమ్మా," అన్నాడు బాబూలాల్ తలెత్తకుండా. "నేను రిక్షా దగ్గర ఉంటా."

"నీకేం పరాయా, ఉండవయ్యా," అన్నాడు మామయ్య. నిజంగానే ఏ తప్పూ జరగలేదన్నంత నింపాదిగా.

శ్రీవిద్య ఒక్కొక్కటీ చూసింది. ఆ నురగ, ఆ పెన్సిలు సున్నాలు, పీట పక్కన ఇంకా తడారని ఉమ్ము. తన ఒంటి సంగతి పెరట్లో ఆరేసి, తలా ఒక చివర పట్టుకుని కొలుస్తున్నారు. ఈ ఇంట్లో ఏడాదిన్నరగా గట్టిగా ఒక్క మాట అనలేదు. పులుసులో ఉప్పు తక్కువైనా అడగలేదు.

"ఇవాళే," అంది.

ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అంది. "తేదీ తప్పింది అత్తయ్యా. రాత్రే వచ్చింది."

అబద్ధం. నోట్లో బొగ్గుపొడి కరకరలాడినట్టయింది. కానీ తల దించుకోలేదు.

మామయ్య ముఖంలో రంగు మారింది. చేతి వైపు చూసుకున్నాడు, పంచె వైపు చూసుకున్నాడు. "పొద్దున నీళ్ళు?"

"నేనే కాచాను."

"అభిషేకం చెంబు?"

"నేనే నింపాను."

"చెప్పవేంటే?" అంది అత్తయ్య, గడప మీదే ఆగిపోయి.

"సిగ్గేసింది," అంది శ్రీవిద్య. "అందరూ ఉన్నారని."

బాబూలాల్ దగ్గాడో, నవ్వాపుకున్నాడో తెలియలేదు. మామయ్య లేచి నూతి దగ్గరకు నడిచాడు. ధనుర్మాసపు చన్నీళ్ళు మొదటి చేద నెత్తిన పడగానే కెవ్వుమన్న గొంతు సంధ్యావందనం చేసేదని ఎవరూ అనుకోరు. రెండో చేద తోడుకుంటూ, పళ్ళు కటకటలాడుతుండగా అరిచాడు: "ఆ తొట్టిదే బిగించు! ఈ పిల్ల చెయ్యి ఇక నా నీళ్ళల్లో పడ్డానికి వీల్లేదు."

"నెలంతానా?" అన్నాడు భరద్వాజ.

"నెలంతా! దీని తేదీల్ని నమ్మడమేంటి?"

బాబూలాల్ తొట్టి బాయిలరును ఒంటిచేత్తో ఇటుకల మీదికి జరిపాడు. ఎవరూ అడగకపోయినా తొట్టినిండా బొగ్గు పోశాడు.

అత్తయ్య ముట్టుకోకుండా, చీపురుకట్ట చివరతో దారి చూపిస్తూ శ్రీవిద్యను పెరటి గదిలోకి తోలింది. చాప విసిరింది. మంచినీళ్ళ చెంబు గడప అవతల పెట్టి కాలి వేలితో లోపలికి నెట్టింది.

"అత్తయ్యా, నా ఫిజిక్సు పుస్తకం..."

పుస్తకం చాప మీద వచ్చి పడింది. "చూపించకు ఆ మొహం," అంటూ మంగతాయారు తలుపు వేసేసింది. శ్రీవిద్య పుస్తకం తీసి, రేపు అయిదున్నరకు తీయాల్సిన సందు తలుపు పక్కన పెట్టుకుంది.