సారు కొలతకు బిగించిన సైకిల్

నేను ఒక రోడ్డు సైకిల్‌ని. పాలక్యాన్లు మోసే జాతి కాదు, పేపర్లు పంచే జాతి అంతకన్నా కాదు. పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్, సన్నటి టైర్లు, ఇరవై గేర్లు. క్యారియర్ లేదు, స్టాండు లేదు. నన్ను గోడకు ఆనించాలే తప్ప నా అంతట నేను నిలబడను. లుధియానాలో నా గొట్టాలు అతికినవాడు ఆ రోజు జ్వరంతో వణుకుతూ పని చేశాడు. అతుకు మాత్రం చక్కగా వచ్చింది. ఆ మనిషి ఏమయ్యాడో నేను మళ్ళీ ఆలోచించలేదు. నాకు జాలి తక్కువ. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

హైదరాబాదు దుకాణంలో నా పక్కన నా తోబుట్టువు ఒకటి ఉండేది. అదే రంగు, అవే గేర్లు, కొలత మాత్రం నాకన్నా మూడు సైజులు తక్కువ. దసరా వెళ్ళిన వారానికి హనుమకొండ నుంచి ఆలుమగలిద్దరు వచ్చారు. ఆమె పేరు ప్రమీల, సర్కారు దవాఖానాలో స్టాఫ్ నర్సు. నలభై మూడేళ్ళు, గట్టిగా కొలిస్తే ఐదడుగులు. ఆరేళ్ళుగా డ్యూటీకి లేడీస్ సైకిల్ మీదే పోతోంది. ఆయన దామోదర్ సారు, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. మనిషి తాటిచెట్టంత ఉంటాడు. తనకు తెలియని విషయం మీద కూడా ముప్పావు గంట ఆపకుండా చెప్పగలడు.

ప్రమీల ఆ పొట్టిదాన్ని తీసి సందులో ఒక చుట్టు తొక్కి వచ్చింది. ముఖం కడిగిన గిన్నెలా మెరిసిపోతోంది. "ఇదే తీసుకుందామండి" అంది.

"నీకు తెల్వదు ప్రమీలా" అని సారు మొదలుపెట్టాడు. "చలికాలం తొక్కేటప్పుడు గాలి ఎదురుకొడతది. పెద్ద ఫ్రేం ఉంటే బ్యాలెన్స్ ఉంటది. సీటు ఎత్తు గూడ సైన్సే. మరీ ఎత్తయితే మోకాలి ఎనక నరం గుంజుతది, మరీ తక్కువైతే మోకాలి ముందు నొస్తది. పెద్దదైతే దించుకోవచ్చు, చిన్నది పెద్దగ చెయ్యలేం. ఇంట్ల ఇద్దరం తొక్కచ్చు." దుకాణం వాడు ఏదో చెప్పబోయి, సారు ముఖం చూసి ఊరుకున్నాడు. డబ్బు ఆమె చిట్టీ ఎత్తి తెచ్చింది, ఎంపిక ఆయనది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడన్నట్టుంది వ్యవహారం. నేను మాత్రం ఉబ్బిపోయాను. నా మీద ఎక్కాల్సింది పొడుగు కాళ్ళ మగాడే అని నాకప్పుడు గట్టి నమ్మకం.

ఈ కొనుగోలంతా ఒక్క రోజు కోసం. డిసెంబరు ఆఖరి ఆదివారం ఊళ్ళోని సైకిల్ క్లబ్బు వాళ్ళు రెండు వందల కిలోమీటర్లు తొక్కుతారు. ములుగు, తాడ్వాయి అడవి మీదుగా ఏటూరునాగారం పోయి తిరిగి రావాలి. పొద్దున ఆరింటికి బయలుదేరితే రాత్రి ఏడున్నరకల్లా బయలుదేరిన గీతనే మళ్ళీ దాటాలి. దాటినవాళ్ళ పేరు పుస్తకంలో రాసి, మెడలో మెడల్ వేస్తారు. సారు కిందటేడు ఆ పందేనికి పోయి, తాడ్వాయి దగ్గర సైకిల్ దిగి వ్యాన్ ఎక్కాడు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు.

నన్ను చలికాలానికి తయారు చేసింది గౌస్ భాయ్. చౌరస్తా వెనక సందులో ముప్పై ఏళ్ళుగా సైకిళ్ళు బాగు చేస్తున్నాడు. నన్ను చూడగానే తల కొట్టుకున్నాడు. "అమ్మా, ఇది మీ బండి కాదు. సారు బండి. అయినా మీదయ్యేటట్టు చేస్త, జర టైం ఇయ్యిండ్రి."

చేశాడు కూడా. నా సన్న టైర్లు తీసి వెడల్పువి వేశాడు, అడవి రోడ్డు మంచుకు తడిసి జారుతుందని. వాటిలో గాలి కొంచెం తగ్గించాడు. బురద నీళ్ళు వీపుకు కొట్టకుండా ముందూ వెనకా మడ్‌గార్డులు బిగించాడు. అప్పుడు నాకు తల తీసేసినట్టయింది. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు. వేళ్ళు కొంకర్లు పోయినా అందేటట్టు బ్రేకులు లోపలికి జరిపాడు. హ్యాండిల్ మెడ తీసేసి పొట్టిది వేశాడు. చివరికి సీటును అడుగంటా దించి, "ఇంతే అమ్మా, ఇంతకన్న దిగది. ఇంతకన్న ఒక్క వేలు లేసినా మీ కాళ్ళు పోతయి" అన్నాడు. ప్రమీల బ్యాగులోంచి ఎర్ర గోళ్ళరంగు తీసి, సీటు గొట్టం మీద అక్కడ ఒక గీత గీసింది.

"రెండొందలు ఎందుకమ్మా, యాభై తొక్కితే చాలదా?" అని గౌస్ అడిగాడు.

"ఇంటి కాయితం సారు పేరు మీదనే, కరెంటు బిల్లు సారు పేరు మీదనే. పిల్లగాని సర్టిఫికెట్ల గూడ నా పేరు తప్పు పడ్డది. ఒక్కటన్న నా పేరు మీద ఉండాలె భాయ్" అంది ఆమె. నవ్వుతూనే అంది, కానీ అది నవ్వు మాట కాదు.

ఇక ఇంట్లో రోజూ ఒకటే బాగోతం. ఆమె పొద్దున ఐదింటికి ముప్పై నలభై కిలోమీటర్లు తొక్కి డ్యూటీకి పోయేది. ఆ తర్వాత సారు "బండి చెక్ చేస్త" అని సీటు జానెడు పైకి లేపి, నా మీద ఎక్కి, రెండు కిలోమీటర్ల అవతలున్న టిఫిన్ సెంటరుకు పోయేవాడు. సాంబారు ఇడ్లీ తిని, నా పక్కన నిలబడి ఫోటో దిగి, క్లబ్బు గ్రూపులో పెట్టేవాడు. ఉత్త కుండకు ఊపెక్కువ. సీటు మాత్రం దించేవాడు కాదు. మర్నాడు చీకట్లో ఆమె టార్చి పెట్టుకుని, ఎర్ర గీత వెతుక్కుని, మళ్ళీ దించుకునేది. అడిగితే "అరె, మర్చిపోయిన" అనేవాడు. డెబ్భై రోజులు మర్చిపోయాడు. అన్ని రోజులు ఒకే పని మర్చిపోవాలంటే చాలా జ్ఞాపకశక్తి ఉండాలి.

పందెం ముందురోజు క్లబ్బు వాళ్ళు గ్రూపులో ప్రమీల ఫోటో పెట్టి, "జిల్లా నుంచి ఒకే ఒక్క మహిళ" అని రాశారు. దామోదర్ సారు కాలేజీ ప్రిన్సిపాల్ కూడా ఫోన్ చేసి మెచ్చుకున్నాడు, ఆమెను. సారు "అవును సార్, అవును సార్" అని నవ్వుతూ వరండాలో నా చుట్టూ తిరిగాడు.

తెల్లవారుజామున ఆమె స్నానానికి పోయింది. సారు వచ్చాడు. రాత్రి ఆమె సరిచూసి పెట్టుకున్న సీటు బోల్టు విప్పి, సీటును తన కొలత దాకా లేపాడు. బిగించాడు. ఇంకా బిగించాడు. బోల్టు నోట్లో దూర్చి తిప్పే అలెన్ కీ, అదీ కొలత కలవనిది, పెట్టి తిప్పుతుంటే బోల్టు నోరు అరిగిపోయి, కీ పట్టు లేకుండా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. అక్కడ ఆగాడు. స్నానాల గది వైపు చూశాడు. మళ్ళీ ఇంకో రెండు చుట్లు తిప్పాడు. ఆ రోజు ఆయన ఏమీ మర్చిపోలేదు.

చీకట్లో నన్ను ఆటోలో పందెం గీత దగ్గరికి చేర్చాక గానీ ఆమె సీటు చూసుకోలేదు. తన కీ తీసి ప్రయత్నించింది, అది పట్టుకోలేదు. చుట్టూ మంచు, ఈలలు, "ఐదు నిమిషాలు" అని కేకలు. ఏం చేస్తుంది? ఎక్కింది. కాళ్ళు నేలకు అందవు, పెడల్ అడుగుకు పోయినప్పుడల్లా నడుము ఒక పక్కకు జారుతుంది. ములుగులో ఒక మెకానిక్ పటకారు పెట్టి చూసి, "ఇది రాదమ్మా, కొయ్యాలె. నా కాడ సామాను లేదు" అన్నాడు. అక్కడి నుంచి ఆమె సగం దూరం సీటు మీద, సగం దూరం లేచి నిలబడి తొక్కింది. గౌస్ చేసిన పని మాత్రం ఆమెకు ద్రోహం చెయ్యలేదు. తడి రోడ్డు మీద టైర్లు జారలేదు, బురద మీద పడలేదు, మొద్దుబారిన వేళ్ళకు బ్రేకులు అందాయి. ద్రోహం చేసింది నేనే, నా పొడుగుతో.

ఏటూరునాగారంలో క్లబ్బు వాళ్ళిచ్చిన కార్డు మీద ముద్ర వేయించుకునేసరికి అక్కడి గడువుకు ఇంకా ఇరవై నిమిషాలు చేతిలో ఉన్నాయి. తిరుగు దారిలో, తాడ్వాయి దగ్గర ఛాయ్ బండి ముందు ఫోన్ మోగింది. సారు.

"ఎట్లున్నవ్ ప్రమీలా? మోకాలి ఎనక గుంజుతుందా?"

పొద్దున్నుంచి ఆ నొప్పి గురించి ఆమె ఒక్క మనిషికి కూడా చెప్పలేదు.

"గుంజితే వ్యాన్ ఎక్కు, సిగ్గేం లేదు" అంటున్నాడు ఆయన. "నేను గూడ గాడ్నే ఎక్కిన గద."

ఆమె ఫోన్ పెట్టేసింది. గ్లాసు అక్కడే పెట్టి, వంగి, బోల్టు నోటిలో వేలు పెట్టి తడిమింది. ఇరవై ఏళ్ళుగా గాయాలు తడిమిన వేలు. ఏ గాయం జారిపడితే అయిందో, ఏది కొడితే అయిందో ఆమెకు తెలుసు. వెనక క్లబ్బు వ్యాన్ వచ్చి ఆగింది. డ్రైవర్ తలుపు తీసి పట్టుకుని, "ఎక్కుండ్రి మేడం" అన్నాడు. "పో తమ్మీ, నువ్వు పో" అంది. ఆ తర్వాత తొక్కిన ఎనభై కిలోమీటర్లలో ఆమె మోకాలు ప్రతి చుట్టుకూ కిర్రుమనడం నేను విన్నాను. ఏడ్చింది కూడా. ఆగలేదు.

గీత దాటేటప్పటికి ఏడు నలభై ఒకటి. క్లబ్బు కార్యదర్శి నరహరి, ఊళ్ళో పళ్ళ డాక్టరు, గడియారం చూసి నొచ్చుకున్నాడు. "పదకొండు నిమిషాలు లేటమ్మా. రూల్ రూలే, ఏం జెయ్యను?"

దామోదర్ సారు శాలువాతో సిద్ధంగా ఉన్నాడు. "ఏంగాదు! ఆడదానివై ఇంత దూరం తొక్కినవ్, గదే గొప్ప" అని కప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎంత మంచి మొగుడో అన్నారు. ఎవరో ఫోటో అడిగితే ఆయన నా మీద ఎక్కి కూర్చున్నాడు. ఆమె కోసం గీత దగ్గరికి వచ్చిన గౌస్ భాయ్ వంగి సీటు బోల్టు చూశాడు. "సార్, ఇది మర్చిపోయి బిగించింది కాదు" అన్నాడు. ఒక్క క్షణం అందరూ విన్నారు. తర్వాత నరహరి "ఛాయ్ చల్లారుతుంది, రాండ్రి" అన్నాడు. అందరూ ఛాయ్ వైపు తిరిగారు.

"రేపు తేండ్రమ్మా, కోసి కొత్తది ఏస్త" అన్నాడు గౌస్.

"వద్దు భాయ్, ఉండనీ. సారుకు సరిగ్గ సరిపోయింది" అంది ప్రమీల. కుంటుతూ నరహరి బల్ల దగ్గరికి పోయింది. అందరికీ వినబడేలా, "డాక్టర్ సాబ్, వచ్చే ఏడాదికి సారు పేరు రాయుండ్రి. నడుమ ఆగిపోయిన అని ఆయన మనసుల బాధ ఉన్నది. నేను తయారు చేస్త" అంది. మళ్ళీ చప్పట్లు. ఆయన నా మీదే ఉన్నాడు. మింగలేక కక్కలేక నవ్వాడు.

ఆమె మోకాలు ఇక సైకిల్‌కు పనికిరాదని దవాఖానాలో పెద్ద డాక్టరు తేల్చేశాడు. మెట్లు పక్కవాటుగా ఎక్కుతుంది. ఇంట్లో ఆ సంగతి మీద ఒక్క మాట తూలలేదు. అరవలేదు, అలగలేదు. నాలుగున్నరకు లేచి, నా టైర్లలో గాలి చూసి, లైట్లు వెలిగించి, లోపలికి పోయి సారు దుప్పటి లాగేస్తుంది. "లేవుండ్రి, మంచు బాగ పడ్తంది. మంచి ప్రాక్టీసు" అంటుంది, సూది వేసే ముందు రోగితో మాట్లాడే గొంతుతో. గేటు దగ్గర గడియారం పట్టుకుని నిలబడుతుంది. మడ్‌గార్డులు బరువని ఆయన పీకబోతే, "చలికాలం సైన్సు మీకు తెల్వదా?" అంటుంది. తొందరగా తిరిగొస్తే కుడిచెయ్యి పట్టుకుని వాసన చూస్తుంది. సాంబారు వాసన వస్తే ఇంకో పది కిలోమీటర్లు. చుట్టుపక్కలవాళ్ళకు ఆమె మొగుడి కోసం ప్రాణం పెట్టే ఇల్లాలు. మరుసటి డిసెంబరు ఆయన ములుగు కూడా దాటలేక వ్యాన్ ఎక్కాడు. ఆమె గీత దగ్గరే నిలబడి, "ఏంగాదు" అని అందరి ముందూ మళ్ళీ పేరు రాయించింది.

ఇది మూడో చలికాలం. వీళ్ళిద్దరిలో ఎవరు ఎక్కువ చెడ్డవాళ్ళని నన్ను అడగొద్దు, నేను ఇనుపదాన్ని. వరండాలో నా హ్యాండిల్ మీద మంచు చుక్కలు కడుతుంది. కిటికీలోంచి మంచం కనిపిస్తుంది. అలారం మోగకముందే సారుకు మెలకువ వస్తుంది, రోజూ. కళ్ళు గట్టిగా మూసుకుని, దుప్పటి అంచు రెండు చేతులా పట్టుకుని, నిద్రపోతున్నట్టు గురక పెడతాడు. ఆమె తలుపు దగ్గర చాలాసేపు నిలబడుతుంది. తొందరపడదు. ఆయన గురక ఆగి, పిడికిళ్ళు నెమ్మదిగా సడలేదాకా చూస్తుంది. అప్పుడు లాగుతుంది.